పాత వాల్వు రేడియోకి కొత్త రెసిస్టరు: ఓములొక్కటే చూస్తే చాలదు

నేను మొదటిసారి బాగుచేయబోయిన సెట్లో 22 కిలోఓముల రెసిస్టరు ఒకటి బొగ్గులా నల్లబడి కనిపించింది. అదే విలువది కొత్తది తెచ్చి వేశాను. ఐదు నిమిషాల్లో అదీ పొగ వదిలింది. పట్టుదల కొద్దీ ఈసారి లావుపాటిది వేశాను. అది కాలలేదు గానీ, పక్కనుంచి పోతున్న వైరు తొడుగు కరిగి కారింది. తప్పు రెసిస్టరుది కాదని అప్పటికి గానీ తట్టలేదు. దాని పక్కనున్న మైనపు కండెన్సరు లోపల షార్టయింది. రెసిస్టరు పాపం దాని బరువంతా మోసి చచ్చిపోయింది.

అటక మీంచి తాతగారి రేడియో దించుకున్నవాళ్లు ఆ పొరపాటు చేయకుండా ఉండాలని ఇది రాస్తున్నాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, మల్టీమీటరుతో కొలవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. రాకపోతే ముందు ఏదైనా ట్రాన్సిస్టర్ సెట్టు మీద చెయ్యి తిప్పుకుని రండి. వాల్వు సెట్టులో, అంటే ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడిచేదాంట్లో, 250, 300 వోల్టుల డీసీ (దీన్నే హెచ్‌టీ అంటారు) తిరుగుతూ ఉంటుంది. అది తప్పు చేసినవాణ్ణి మందలించి వదిలిపెట్టే కరెంటు కాదు.

మూత విప్పగానే: అది ఏ రకం సెట్టు?

చాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) మీద బరువైన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉందో లేదో చూడండి. ఉంటే అది ఏసీ సెట్టు. 1950ల చివర్లో, 60లలో మన ఇళ్లకు వచ్చిన ఫిలిప్స్, మర్ఫీ సెట్లలో చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మరుతోపాటు ఇసిహెచ్81, ఇఎల్84, ఇజెడ్80 వంటి వాల్వులు కనిపిస్తాయి.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాల్వుల పేర్లు 'యు' అక్షరంతో మొదలైతే (యుసిహెచ్42, యుఎల్41, యువై41) అది ఏసీ/డీసీ సెట్టు. ఒకప్పుడు కొన్ని నగరాల్లో డీసీ కరెంటే ఇచ్చేవారు కాబట్టి ఇలాంటివి తయారయ్యాయి. వీటిలో మెయిన్స్ తీగల్లో ఒకటి నేరుగా చాసిస్‌కే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడినా, గోడలో సాకెట్టు వైరింగ్ తారుమారైనా చాసిస్ మొత్తం లైవ్ అవుతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని మెయిన్స్ నుంచి వేరుచేసేది) లేకుండా ఈ రకాన్ని తెరిచి, కరెంటు పెట్టి పని చేయవద్దు. ఈ సెట్లు లాగేది 40, 50 వాట్లే కాబట్టి 100 విఎ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది.

బ్యాటరీ సెట్లు, అంటే 90 వోల్టుల బ్యాటరీతో కరెంటులేని పల్లెల్లో పాడినవి, ఈ విషయంలో సాధువులు. వాటి రెసిస్టర్లకు వేడి దాదాపు ఉండదు.

ఏ సెట్టయినా ప్లగ్గు పీకాక పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో చార్జి మిగిలే ఉంటుంది. 10 కిలోఓములు, 5 వాట్ల రెసిస్టరుకు బాగా తొడుగున్న రెండు తీగలు కట్టుకుని, దానితో ఖాళీ చేయండి. 32 మైక్రోఫారడ్ కండెన్సరు రెండు సెకన్లలో ఖాళీ అవుతుంది. స్క్రూడ్రైవరుతో టప్పుమనిపించడం పాత మెకానిక్కుల అలవాటు, మీరు చేయకండి. ఖాళీ చేశాక మీటరు పెట్టి సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

విప్పకముందే సగం తెలుస్తుంది

ఆ కాలపు కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లకు ఒక గుణం ఉంది. వయసు మీదపడి తేమ, వేడి తగిలేకొద్దీ వాటి విలువ దాదాపు ఎప్పుడూ పెరిగే దారిలోనే పోతుంది. 220 కిలోఓములది 350 చూపించడం మామూలే.

ఇది మనకు పనికొచ్చే గుణం. సర్క్యూట్లో ఉండగానే కొలవండి. పక్కనున్న భాగాలు పారలల్‌గా కలిస్తే రీడింగు తగ్గుతుందే తప్ప పెరగదు. కాబట్టి సర్క్యూట్లో ఉండగానే మీటరు ఎక్కువ చూపిస్తే ఆ రెసిస్టరు పెరిగినట్టే, అనుమానం లేదు. తక్కువ చూపిస్తే మాత్రం ఏమీ తేలదు. ఒక కాలు విప్పి మళ్లీ కొలవాలి. మెగాఓముల విలువ కొలిచేటప్పుడు రెండు కాళ్లనూ వేళ్లతో పట్టుకోకండి, మీ ఒళ్లు కూడా కొలతలో కలిసిపోతుంది.

అప్పట్లో వాటి టాలరెన్సే (రాసిన విలువకి అటూ ఇటూ ఉండదగ్గ తేడా) 20 శాతం. సెట్టు గీసినవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే 20 శాతం లోపల ఉన్నదాన్ని నేను ముట్టుకోను. కొందరు సెట్టు తెరిచినదే తడవుగా ఉన్నవన్నీ పీకి కొత్తవి వేస్తారు. అలా వేస్తే కొత్త పొరపాట్లు దూరడానికి యాభై చోట్లు తెరిచినట్టవుతుంది. పైగా తర్వాత సెట్టు మొరాయిస్తే ఎక్కడ తప్పు చేశామో తెలియదు.

రంగులు చదవడం

1950ల తర్వాతవాటి మీద పట్టీలు మనకు తెలిసినవే: నలుపు 0, గోధుమ 1, ఎరుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలం 6, ఊదా 7, బూడిద 8, తెలుపు 9. అంతకుముందు చాలావాటికి పట్టీలు ఉండవు. ఒళ్లంతా ఒక రంగు, ఒక కొనకు ఇంకో రంగు, నడుమ చుక్క. ఒంటి రంగు మొదటి అంకె, కొన రంగు రెండోది, చుక్క ఎన్ని సున్నాలో చెబుతుంది. ఒళ్లు ఆకుపచ్చ, కొన నలుపు, చుక్క నారింజ అయితే 50 కిలోఓములు. చుక్క కనబడకపోతే అది ఒంటి రంగులోనే కలిసిపోయిందని అర్థం. ఒళ్లంతా ఎరుపే అయితే 2,200 ఓములు.

అయితే వేడి తిన్న ఎరుపు గోధుమగానూ, నారింజ ఎరుపుగానూ కనిపిస్తాయి. కాలిపోయిన రెసిస్టరు విషయంలో రంగుని నమ్మకండి, సర్క్యూట్ డయాగ్రం సంపాదించండి. అదీ దొరకకపోతే అదే వాల్వు డేటాషీటులో తయారీదారు సూచించిన విలువలు చూడండి. చాలా సెట్లు వాటికి దగ్గరగానే ఉంటాయి.

కాలింది కాబట్టి మార్చడం కాదు, ఎందుకు కాలిందో చూడండి

వాల్వు లోపల వేడెక్కిన కాథోడ్ నుంచి ప్లేటుకి ఎలక్ట్రాన్లు పోతాయి. నడుమనున్న గ్రిడ్ అనే జాలి వాటిని అదుపు చేస్తుంది, స్క్రీన్ గ్రిడ్ దాని తర్వాత ఉండే ఇంకో జాలి. ఆ స్క్రీన్ గ్రిడ్‌కి వోల్టేజి దించే రెసిస్టరు కాలితే, ఆ స్క్రీన్ నుంచి చాసిస్‌కి పోయే కండెన్సరుని అనుమానించండి. నా మొదటి సెట్లో జరిగింది ఇదే. లెక్క చూడండి. హెచ్‌టీ 250 వోల్టులు, స్క్రీన్ మీద 100 ఉండాలి. 22 కిలోఓముల రెసిస్టరు మీద పడేది 150 వోల్టులు. 150ని 150తో గుణించి 22,000తో భాగిస్తే సుమారు 1 వాటు. అదే కండెన్సరు షార్టయితే 250 వోల్టులూ దాని నెత్తినే పడతాయి. అప్పుడు 2.8 వాట్లు. ఒక వాటు రెసిస్టరు ఎంతసేపు ఉంటుంది?

అవుట్‌పుట్ వాల్వు కాథోడ్ రెసిస్టరు కమిలిపోతే, ఆ వాల్వు గ్రిడ్‌కి ముందున్న కప్లింగ్ కండెన్సరు లీకవుతోందేమో చూడండి. గ్రిడ్ మీదికి కాస్త పాజిటివ్ వోల్టేజి చేరినా వాల్వు అదుపు తప్పి కరెంటు లాగుతుంది. రెసిస్టరుతో ఆగదు, వాల్వు, ఆ తర్వాత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా పోతాయి. ఈ ఒక్క కండెన్సరుని మాత్రం నేను పరీక్షించను కూడా. సెట్టు ఏదైనా కళ్లు మూసుకుని మార్చేస్తాను.

హెచ్‌టీ దారిలో ఫిల్టరు రెసిస్టరు పోతే, దాని తర్వాత ఉన్న ఎలక్ట్రోలిటిక్కే కారణం అయ్యుంటుంది.

ఓములు

ఇది తేలిక. పాత డయాగ్రంలో 50 కె, 250 కె, 500 కె అని ఉంటాయి. ఇప్పటి దుకాణంలో ఆ విలువలు దొరకవు. 50కి 47 లేక 51, 250కి 240 లేక 270, 500కి 470, 40కి 39 వేసుకోండి. రేడియోకి తేడా తెలియదు. కాథోడ్ రెసిస్టరు దగ్గర మాత్రం ఇంత ఉదారంగా ఉండకండి, అసలు విలువకి 5 శాతం లోపలే ఉండనివ్వండి. తక్కువ వేస్తే వాల్వు ఎక్కువ కరెంటు లాగి తొందరగా అరిగిపోతుంది. అటో ఇటో మొగ్గాల్సివస్తే కాస్త ఎక్కువ వైపే మొగ్గండి.

వాట్లు

సైజు చూసి వాట్లు అంచనా వేయకండి. 1940ల నాటి అర వాటు రెసిస్టరు ఇప్పటి 2 వాట్ల దాని కంటే లావుగా ఉండొచ్చు. అలాగే ఇప్పుడు మనకు అమ్మే చిన్నవాటిని కూడా నమ్మకూడదు. ఒకసారి అర వాటు అని పొట్లం కట్టిచ్చినవి, ఇంటికొచ్చి వెర్నియర్‌తో కొలిస్తే పావు వాటు సైజులో ఉన్నాయి. అప్పటినుంచి కొనేముందు తయారీదారు డేటాషీటులో పొడవు, మందం చూసుకుని వెళ్తున్నాను.

ఎన్ని వాట్లు ఖర్చవుతున్నాయో లెక్కగట్టి, దానికి కనీసం రెట్టింపు రేటింగు వేయండి. మూసిన చెక్కపెట్టెలో వాల్వుల పక్కన గాలి వేడిగా ఉంటుంది, ఆ రెట్టింపు అందుకే.

ఇఎల్84 తీసుకోండి. 250 వోల్టుల దగ్గర ప్లేటు కరెంటు 48 మిల్లీ ఆంపియర్లు, స్క్రీన్ 5.5. రెండూ కలిసి కాథోడ్ రెసిస్టరులోంచి పోతాయి కాబట్టి 53.5. డేటాషీటులో చెప్పిన రెసిస్టరు 135 ఓములు. కరెంటుని ఆంపియర్లలోకి మార్చి, దాన్ని దానితోనే గుణించి, 135తో గుణిస్తే 0.39 వాటు. అర వాటుది వేస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ ఎప్పుడూ సలసల కాగుతూ ఉంటుంది. 1 వాటు వేయండి, చోటుంటే 2. పైన చెప్పిన స్క్రీన్ రెసిస్టరుకు 2 వాట్లది, చోటుంటే 3.

మొదటి ఆడియో వాల్వు ప్లేటుకి ఉండే 220 కిలోఓములది మాత్రం గోల చేయదు. వాల్వు మొత్తం షార్టయి 250 వోల్టులూ దాని మీద పడినా పావు వాటు పైచిలుకే. అర వాటు చాలు.

వోల్టులు: దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి

ఓములు, వాట్లు అడిగితే దుకాణదారు ఇస్తాడు. రెసిస్టరు ఎన్ని వోల్టులు తట్టుకుంటుందని అడిగితే మొహం చూస్తాడు. కానీ ప్రతి రెసిస్టరుకీ ఆ హద్దు ఉంది. సాధారణంగా పావు వాటు ఫిల్ము రకానికి (పలచని పొరతో చేసిన ఇప్పటి మామూలు రెసిస్టరు) 250 వోల్టులు, అర వాటుకు 350, ఒక వాటుకు 500 ఉంటుంది. తయారీదారుని బట్టి మారుతుంది కాబట్టి డేటాషీటు చూడాల్సిందే. ఓములు ఎక్కువైనప్పుడు వాట్లు తక్కువే ఖర్చవుతాయి, దాంతో చిన్నది చాలనిపిస్తుంది. మోసపోయేది అక్కడే.

ఉదాహరణకు ట్యూనింగ్ చూపించే ఆకుపచ్చ కన్ను, మ్యాజిక్ ఐ. 6ఇ5 సాకెట్టు లోపల టార్గెట్‌కి, ప్లేటుకి మధ్య 1 మెగాఓం రెసిస్టరు దాక్కుని ఉంటుంది. దాని మీద పూర్తి 250 వోల్టులు పడినా ఖర్చయ్యేది 0.06 వాటే. పావు వాటుది అయినా మూడు వంతులు ఖాళీ అనిపిస్తుంది. కానీ దాని వోల్టుల హద్దు 250, మనం హద్దు మీదే నిలబడి ఉన్నాం. పైగా స్విచ్ వేసిన మొదటి క్షణాల సంగతి చూడండి. 250-0-250 ట్రాన్స్‌ఫార్మరు (నడిమి కొన నుంచి అటూ ఇటూ 250 వోల్టుల ఏసీ ఇచ్చేది) ఉంటే, వాల్వులు వేడెక్కి కరెంటు లాగడం మొదలెట్టేదాకా హెచ్‌టీ 350 దాకా లేస్తుంది. రెక్టిఫయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) పీకేసి సిలికాన్ డయోడ్లు పెట్టిన సెట్లయితే ప్రతిరోజూ తప్పకుండా లేస్తుంది. అందుకే ఆ చోట 1 వాటుది వేయండి. లేదా 470 కిలోఓములవి అర వాటువి రెండు వరసగా కలపండి, వోల్టేజి సగం సగం పంచుకుంటాయి. ఈ రెసిస్టరు పెరిగిపోవడం వల్లే కన్ను సరిగా మూసుకోదు తరచుగా. వాల్వు పోయిందనుకుని కొత్తదానికి వేలు పోసేముందు దీన్ని కొలవండి.

మెయిన్స్‌కి, మనిషి చెయ్యి తగిలే చోటికి నడుమ ఉండే రెసిస్టర్లు వేరు. ఏసీ/డీసీ సెట్లలో ఏరియల్ సాకెట్టు దగ్గర కండెన్సరుకు పారలల్‌గా మెగాఓముల రెసిస్టరు ఉంటే, అక్కడ మామూలు ఫిల్ము వేయవద్దు. వీఆర్37 లాంటి హైవోల్టేజి రకం దొరుకుతుంది, అర వాటే అయినా 3,500 వోల్టులు తట్టుకుంటుంది. ఆ కండెన్సరు కూడా వై క్లాసుదే (మెయిన్స్ దగ్గర భద్రత కోసం చేసిన రకం) అయ్యుండాలి.

ఏ పదార్థంతో చేసినది

గ్రిడ్ దగ్గర, ఏవీసీ (స్టేషను బలాన్ని బట్టి శబ్దాన్ని సరిచేసే ఏర్పాటు) దగ్గర, కరెంటు అంతగా పారని చోట కార్బన్ ఫిల్ము గాని మెటల్ ఫిల్ము గాని ఏదైనా సరే. ఆడియో వాల్వు ప్లేటుకి మెటల్ ఫిల్ము వేస్తే బుసబుస తగ్గుతుంది. 1 నుంచి 3 వాట్ల అవసరమున్న స్క్రీన్, కాథోడ్, హెచ్‌టీ ఫిల్టరు చోట్లకు మంటంటని పూత ఉన్న మెటల్ ఆక్సైడ్ రకం అడగండి. ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే అర్థమవుతుంది. పొరపాటున ఏదైనా షార్టయినా అది తెగిపోతుందే గాని మండదు. చిన్న ఒంట్లో ఎక్కువ వాట్లు ఇమిడ్చిన రకం కాబట్టి మాత్రం చాలా వేడెక్కుతుంది, మైనపు భాగాలకు, కాయిల్సుకు దూరంగా నిలపండి.

5 వాట్లు, ఆపైన అయితే వైర్‌వూండ్. తెల్లటి సిమెంటు దిమ్మలా ఉండేవి ఇవే. తీగ చుట్టి చేసినవి కాబట్టి కాయిలు గుణం ఉంటుంది, రేడియో సిగ్నలు నడిచే దారిలో వేయకూడదు. కొందరు పాత స్టాకు కార్బన్ కాంపోజిషనే వెతికి, పాత ధ్వని వస్తుందని వేస్తారు. దుకాణం అరల్లో యాభై ఏళ్లు తేమ పీల్చినది కూడా విలువ పెరిగే ఉంటుంది, కొలిచి చూడండి. పాతది బయటికి కనిపించాలనే సరదా ఉంటే దాని ఒళ్లు ఖాళీ చేసి లోపల కొత్తది పెట్టుకోవచ్చు.

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి.

పెద్దదైతే ప్రమాదం తగ్గుతుందా? అన్నిచోట్లా కాదు

ఏసీ/డీసీ సెట్లో రెక్టిఫయర్ వాల్వుకు ముందు వంద, రెండొందల ఓముల రెసిస్టరు ఒకటి ఉంటుంది. స్విచ్ వేయగానే ఖాళీ ఎలక్ట్రోలిటిక్‌లోకి దూకే కరెంటుని ఆపడం దాని పని. తీసేసి తీగతో కలిపేసిన సెట్లు చూశాను, అలాంటిచోట రెక్టిఫయర్ వాల్వు ఎక్కువ రోజులు బతకదు. డేటాషీటులో ఆ వాల్వుకు కనీసం ఎంత ఉండాలో రాసి ఉంటుంది, అంతకు తగ్గించకండి. దీని వాట్లు లెక్కగట్టేటప్పుడు ఒక చిక్కుంది. కరెంటు నిలకడగా కాక దెబ్బలు దెబ్బలుగా పారుతుంది. సగటు 60 మిల్లీ ఆంపియర్లే అయినా వేడి పరంగా అది దాదాపు రెట్టింపు కరెంటుతో సమానం, అంటే వేడి నాలుగింతలు. 150 ఓములకు అర వాటు అనుకున్నది 2 వాట్లు దాటుతుంది. 5 వాట్ల వైర్‌వూండ్ వేయండి. డయాగ్రంలో ఫ్యూజిబుల్ అని గుర్తున్న రెసిస్టరు బదులు మాత్రం ఫ్యూజిబుల్ రకమే వేయాలి. తెగిపోవలసినప్పుడు తెగడమే దాని ఉద్యోగం.

ఇక అదే సెట్లో డ్రాపర్, అంటే హీటర్లకు (వాల్వుల్ని వేడిచేసే తీగలకు) అక్కర్లేని మెయిన్స్ వోల్టుల్ని మింగే రెసిస్టరు. వాల్వుల హీటర్లన్నీ దండలా వరసగా ఉంటాయి, అన్నింటిలోనూ 100 మిల్లీ ఆంపియర్లే. యుసిహెచ్42కి 14 వోల్టులు, యుఎఫ్41కి 12.6, యుబిసి41కి 14, యుఎల్41కి 45, యువై41కి 31. మొత్తం 116.6. మెయిన్స్ 230 అయితే మిగిలిన 113.4 వోల్టుల్ని డ్రాపరే మింగాలి. 0.1తో భాగిస్తే 1,134 ఓములు. వేడి 11.3 వాట్లు. హీటర్ల దండలో డయల్ బల్బు కూడా ఉంటే దాని వోల్టులూ కలపండి. సెరామిక్ గొట్టం మీద చుట్టిన 25 వాట్ల వైర్‌వూండ్ వాడండి. లేదా 560 ఓములు, 20 వాట్లవి రెండు వరసగా. ఒక్కొక్కటి ఐదున్నర, ఆరు వాట్ల వేడి వదులుతుంది. చెక్కకు, అట్టకు ఆనకుండా పైకి నిలబెట్టి, చాసిస్‌కి బోల్టు వేసి బిగించండి. సోల్డరు మీద వేలాడదీయకండి.

అమెరికాలో ఉండి పాతసామాన్ల సంతలో 1930ల సెట్టు కొన్నవాళ్లకి ఒక మాట. దాని పవర్ కార్డు వేడెక్కుతోందంటే అందులోనే రెసిస్టెన్సు తీగ ఉందన్నమాట. డ్రాపర్ పని చేసేది ఆ కార్డే. పొడుగ్గా ఉందని కత్తిరిస్తే హీటర్లు మాడిపోతాయి. లోపలి పొర ఆస్‌బెస్టాస్ అయ్యే అవకాశముంది, ఒలిచి చూడకండి. కార్డు మొత్తం తీసేసి, మామూలు వైరు వేసి, చాసిస్ మీద సరైన డ్రాపర్ పెట్టుకోండి. ఆ 120 వోల్టుల సెట్టుని ఇండియా తెస్తే 230లో నేరుగా గుచ్చకండి.

బిగించి, నిదానంగా లేపడం

ఏసీ సెట్టయితే వెనక వోల్టేజి ట్యాపింగు 110లో గాని 200లో గాని ఉండిపోయిందేమో చూసి 240 లేక 250కి మార్చండి. ప్రైమరీకి 500 మిల్లీ ఆంపియర్ల ఫ్యూజు వేయండి. కొత్త రెసిస్టరు కాళ్లు వేరే తీగలకు తగిలే వీలుంటే తొడుగు వేయండి. వేడెక్కే రెసిస్టరుకు ప్లాస్టిక్ తొడుగు పనికిరాదు, ఫైబర్‌గ్లాసుదే కావాలి. టంకం పెట్టేముందు తీగని ఒక చుట్టు చుట్టండి.

మొదటిసారి 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు (ఎల్‌ఈడీ కాదు) సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు, వెంటనే ఆపండి. తర్వాత బల్బు తీసి నేరుగా ఇచ్చి, హెచ్‌టీ, స్క్రీన్, కాథోడ్ వోల్టేజీలు కొలవండి. ఇఎల్84 కాథోడ్ మీద 7 వోల్టుల చుట్టుపక్కల రావాలి. 10, 12 కనిపిస్తే ఇందాక చెప్పిన కప్లింగ్ కండెన్సరు దగ్గరికి వెనక్కి వెళ్లండి.

గంటసేపు ఏదో స్టేషను పెట్టి మోగనివ్వండి, కానీ గదిలోంచి కదలకండి. ఆపి, ప్లగ్గు పీకి, కండెన్సర్లు ఖాళీ చేసి, వేసిన ప్రతి రెసిస్టరు రంగు మారిందేమో చూడండి. మామూలు ఫిల్ము రకం మీద వేలు ఆనించలేనంత వేడి ఉంటే రేటింగు చాల్లేదు, పైసైజుకి వెళ్లండి. అన్నీ బాగుంటే ఏ చోట ఏది తీసి ఏది వేశారో, ఎన్ని ఓములు, ఎన్ని వాట్లు, ఏ తేదీనో ఒక కాగితం మీద రాసి వెనక అట్ట లోపలి వైపు అంటించండి. ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని విప్పేవాడు మీరే అయినా, ఇవేవీ మీకు గుర్తుండవు.